వర్నెల్ గాస్కిన్స్‌కి వచ్చిన కుర్చీ

వర్నెల్ గాస్కిన్స్ ఏ లా కాలేజీ గుమ్మమూ తొక్కలేదు. నేనూ తొక్కలేదు. మా ఇద్దరికీ ఉన్న పోలిక అంతవరకే. మా ప్రెస్సుకి ఫోను చేసే ప్రతి వకీలూ ముందు అడిగేది ఆమెనే. "వర్నెల్ ఉందా?" లేదు, భోజనానికి వెళ్ళింది, నాతో చెప్పండి అంటే, "పర్వాలేదు, వచ్చాక చేస్తాం" అని పెట్టేస్తారు. మూడేళ్ళు ఆ మాట విన్నాను. ఫోను పెట్టేసే చప్పుడు కూడా నాకు కంఠతా వచ్చేసింది.

మా ప్రెస్సు వాషింగ్టన్‌లో, రైలు పట్టాల పక్కన, సుప్రీం కోర్టుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. మేము పెళ్ళి కార్డులు వెయ్యం, పోస్టర్లు వెయ్యం. వకీళ్ళు ఆ కోర్టుకి ఇచ్చే వాదనల పుస్తకాలే వేస్తాం. ఆ కోర్టుకి అన్నీ తను చెప్పినట్టే ఉండాలి. పుస్తకం కొలత, అక్షరం సైజు, కాగితం బరువు, చివరికి అట్ట రంగు కూడా. కింది కోర్టులో ఓడి పైకి వచ్చినవాడిది లేత నీలం. జవాబు చెప్పేవాడిది లేత ఎరుపు. ప్రభుత్వానిది బూడిదరంగు. కేసుతో సంబంధం లేకపోయినా సలహా ఇవ్వాలని ఉబలాటపడేవాళ్ళది ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చలో కూడా లేత వేరు, ముదురు వేరు. రంగు తప్పితే కోర్టు గుమస్తాలు తీసుకోరు.

మా ఓనరు కోల్‌గ్రోవ్. ఆయన తండ్రి కాలం నుంచి ఒక పద్ధతి ఉంది. కంప్యూటర్లు వచ్చినా దాన్ని వదల్లేదు. ప్రతి పుస్తకాన్నీ ఇద్దరు కూర్చుని చదవాలి. ఒకరు వకీలు పంపిన ప్రతిని గట్టిగా పైకి చదువుతారు. కామాలతో సహా, పెద్దక్షరాలతో సహా, వాలు అక్షరాలతో సహా. ఎదురుగా కూర్చున్న మనిషి అచ్చు ప్రూఫు మీద వేలు పెట్టి చూస్తూ, వాక్యం పూర్తయ్యాక "ఊ" అంటాడు. ఆ "ఊ" వస్తేనే తరవాతి వాక్యం. అంతా అయ్యాక చివరి కాగితం మీద చదివిన మనిషి సంతకం పెడుతుంది. ఊ కొట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు.

చదివేది వర్నెల్. ఊ కొట్టేది నేను.

ఆమె పుట్టింది నార్త్ కరొలైనాలో, పొగాకు ఎండబెట్టే కొట్టాల మధ్య. తండ్రి చర్చిలో పెద్ద. నలభై ఏళ్ళు దాటకుండానే ఆయనకి చూపు మందగించింది. ఏడేళ్ళ వర్నెల్ రోజూ ఆయనకి బైబిలు చదివి వినిపించాలి. ఆయనకి అదంతా నోటికి వచ్చు. పిల్ల ఒక మాట మింగేస్తే చేతికర్రతో నేల మీద ఒక్కసారి కొట్టేవాడు. అంతే, తిట్టడు, ఏ మాట మింగిందో కూడా చెప్పడు. ఆ పిల్ల వెనక్కి వెళ్ళి తనే వెతుక్కోవాలి. "మా నాన్న నన్ను ఒక్కసారీ పొగడలేదు నాయనా. కర్ర చప్పుడు కాలేదంటే అదే పొగడ్త" అనేది.

పంతొమ్మిదో ఏట వాషింగ్టన్ వచ్చి, మేనత్త కూతురి ఇంట్లో ఉంటూ, ఒక చిన్న ప్రెస్సులో చర్చి పాటల పుస్తకాలు మడతపెట్టే పనిలో చేరింది. మడతపెడుతూ తప్పులు పట్టుకునేది. మడత పనివాళ్ళు తప్పులు పట్టడం అక్కడి మేనేజరుకి నచ్చలేదు. కోల్‌గ్రోవ్ తండ్రికి నచ్చింది. అలా ఇక్కడికి వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె సంతకం పెట్టిన పుస్తకం ఒక్కటి కూడా తప్పుతో గడప దాటలేదని ప్రెస్సులో అందరూ చెప్పుకుంటారు. చేరిన మొదటి రోజే నాకూ చెప్పారు. ఆ రోజు నుంచే నాకు ఆవిడంటే పడలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను హైస్కూలు తరవాత నాలుగేళ్ళు ఒక పార్కింగ్ గ్యారేజీలో కాపలా కూర్చున్నాను. కూర్చుని చదివాను. లైబ్రరీలో దొరికిన రాజ్యాంగ తీర్పులన్నీ చదివాను. అధ్యక్షుడు ఎవరిని తీసెయ్యగలడు, ఎవరిని తీసెయ్యలేడు, కోర్టు ఆయన్ని ఎక్కడ ఆపగలదు, ఆపితే ఆయన వినకపోతే ఏమవుతుంది, ఇవన్నీ. చెప్పుకోడానికి మనిషి లేడు. గ్యారేజీలో కారు తాళాలు అందుకునే లా కాలేజీ విద్యార్థులు నాతో వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు. ఈ ప్రెస్సులో పని దొరికినప్పుడు, ఇక్కడ ఈ సంగతులు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అవుతాను, మెల్లగా వకీళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తారు అనుకున్నాను.

వర్నెల్‌కి తీర్పుల పేర్లు గుర్తుండవు. కేసుల్ని అట్టలతో, జరిగిన గొడవలతో గుర్తుపెట్టుకుంటుంది. "అదే నాయనా, మంచు తుఫానులో పుస్తకాలు చేతుల మీద మోసుకెళ్ళాం చూడు, ఆ కేసు." కానీ సారం మాత్రం ఆమెకి తెలుసు. ఒక రోజు భోజనాల దగ్గర నేను అధ్యక్షుడి అధికారాల గురించి గుక్క తిప్పుకోకుండా పావుగంట మాట్లాడాను. ఆమె చేప ముక్కకి ముళ్ళు తీసుకుంటూ అంతా విని ఇలా అంది:

"నేను చేరిన కొత్తలో ఒక పెద్ద వకీలు అధ్యక్షుడి చేతులు కట్టెయ్యాలని అరవై పేజీలు వేయించుకున్నాడు. తరవాత వాళ్ళ పార్టీ మనిషే అధ్యక్షుడయ్యాడు. అదే వకీలు వచ్చి, చేతులు విప్పాలని అరవై పేజీలు వేయించుకున్నాడు. అక్షరం సైజు మాత్రం మారలేదు."

టేబులు చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. పావుగంట నేను మాట్లాడితే ఎవరూ తల ఎత్తలేదు. నేను తినడం ఆపి డబ్బా మూత పెట్టేశాను.

ఆ ఏడాది చలికాలంలో నదీ ఓడరేవుల కమిషన్ కేసు వచ్చింది. షిప్పింగు కంపెనీలకీ రేవు పట్టణాలకీ తగువు వస్తే తీర్చే కమిషన్ అది. అందులో ఒక సభ్యురాలిని అధ్యక్షుడు పదవీకాలం సగంలో ఉండగా, కారణం చెప్పకుండా తీసేశాడు. ఆవిడ కోర్టుకి వెళ్ళింది. జిల్లా జడ్జి ఆవిణ్ణి మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టమన్నాడు. అధ్యక్షుడికి అలా చెప్పే అధికారం ఒక జడ్జికి ఎక్కడిది అని ప్రభుత్వం సుప్రీం కోర్టుకి ఎక్కింది. టీవీల్లో రోజూ అదే గోల. ఆ సభ్యురాలి తరఫు వకీలు ఎలినార్ స్ట్రౌడ్. లేత ఎరుపు పుస్తకం మా దగ్గరే.

స్ట్రౌడ్ ఎప్పుడూ ఈమెయిలులో పంపేది. ఈసారి తనే వచ్చింది. కోటు మీద మంచు కూడా దులుపుకోకుండా తిన్నగా మా టేబులు దగ్గరికి వచ్చి నిలబడింది.

"వర్నెల్, విచారణ రోజున నావాళ్ళకని కొన్ని కుర్చీలు ఇస్తారు. ఒకటి నీకు."

"నాకెందుకమ్మా? నేనేం మాట్లాడను కదా."

"ముప్పై ఏళ్ళుగా నా కామాలు దిద్దుతున్నావు. ఒక్కసారి వచ్చి అవి ఎలా వినపడతాయో చూడు."

వర్నెల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఇన్నేళ్ళలో ఆమె ఆ కోర్టు హాల్లోకి ఎన్నడూ వెళ్ళలేదని అప్పుడే తెలిసింది నాకు. పెద్ద కేసులకి జనం క్యూ ముందు రోజే మొదలవుతుంది. ఆమె మోకాళ్ళు అంతసేపు నిలబడనివ్వవు. పైగా పని.

నేను మాత్రం రెండుసార్లు ఆ క్యూలో నిలబడ్డాను. రెండుసార్లూ నా ముందరే లెక్క ఆగిపోయింది. ఒకసారైతే నాకు ముందు ఇద్దరే ఉన్నారు. కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టి "అయిపోయింది బాబూ" అన్నాడు. ఆ సంగతి ఎలినార్ స్ట్రౌడ్‌కి తెలియదు. తెలుసుకోడానికి ఆమె నా మొహం వంక చూడనేలేదు.

"మంచి సూటు వేసుకో. పేరు నేను వచ్చే శుక్రవారం లోపల పంపాలి" అని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న చదువు మొదలుపెట్టాం. వర్నెల్ చదువుతుంటే అందులో పాట ఉండదు, బరువు ఉండదు, ఏ పక్షం మీదా ప్రేమ ఉండదు. నీళ్ళ కుళాయిలాగా సమంగా వస్తుంది గొంతు. ఇరవై మూడో పేజీ దాటి ఇరవై నాలుగుకి వచ్చాం. అక్కడ ఒక పాత తీర్పులోంచి తీసుకున్న మాటలున్నాయి. నాకు ప్రాణమైన మాటలు అవి. గ్యారేజీ గదిలో గోడ మీద రాసుకున్నాను. "అధ్యక్షుడు తన చేతులను తానే మార్చుకోవచ్చు. అయితే ఇద్దరి మధ్య తగువు తీర్చడానికి చట్టసభ కూర్చోబెట్టిన మనిషి ఆయన చెయ్యి కాదు. ఆ మనిషిని కారణం చూపకుండా లేపడానికి వీల్లేదు."

ఆమె మొదటి వాక్యం ఎత్తుకోగానే నా తల ప్రూఫు మీది నుంచి లేచింది. కిటికీ వంక చూస్తూ ఆమెతో పాటు నేనూ లోపల అనుకుంటున్నాను. ఆమె కంటే ఒక మాట ముందే ఉన్నాను. ఈ మాటలు నావి, ఈవిడవి కావు, ఈవిడ ఉత్తినే చదువుతోంది అనుకున్నాను. మొదటి రెండు వాక్యాలకీ చూడకుండానే ఊ కొట్టాను, మూడోదానికి ఆమె చివరి మాట పూర్తిచెయ్యకముందే "ఊ" అన్నాను.

వర్నెల్ ఆగింది. కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"నీ ఊ ముందొచ్చింది."

"ఆ తీర్పు నాకు నోటికొచ్చు, మిస్ వర్నెల్."

"నిన్ను నోటికొచ్చా అని అడగలేదు. చూశావా?"

"చూశాను."

ఒక్క క్షణం నా మొహంలోకే చూసింది. తరవాత ఇరవై అయిదో పేజీ మొదలుపెట్టింది. సాయంత్రం సంతకం పెట్టింది.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నానికి నలభై పుస్తకాలు కుట్టి, అంచులు కోసి, లేత ఎరుపు దొంతరగా టేబులు మీద పెట్టారు. సాయంత్రం లోపల కోర్టుకి చేరాలి. పట్టుకెళ్ళే మనిషి రెండింటికి వస్తాడు. అందరూ భోజనానికి వెళ్ళారు. నేను పైనున్న పుస్తకం తీసి ఇరవై నాలుగో పేజీ తెరిచాను. ఎందుకో చెప్తాను. ఆ మాటలు అచ్చులో చూసి, ఇవి నావి అని ఇంకోసారి అనుకోడానికి.

"అధ్యక్షుడు తన చేతులను తానే మార్చుకోవచ్చు." అంతే. ఆ కింద చిన్నక్షరాల అడుగు నోటు. అడుగు నోటు పైకి జరిగి మిగిలిన రెండు వరసల్నీ మింగేసింది. మాటలు ఇరవై అయిదో పేజీలో ఉన్నాయేమో అని తిప్పి చూశాను. లేవు. ఎలినార్ స్ట్రౌడ్ పుస్తకం ప్రభుత్వం తరఫున మాట్లాడుతోంది. అధ్యక్షుడు ఎవరినైనా మార్చుకోవచ్చని పాత తీర్పు సాక్షిగా ఒప్పుకుంటోంది.

ముందు భయం వేసింది. తరవాత, ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, లోపల ఎక్కడో తియ్యగా అనిపించింది. చదివినవారు అని ఉన్న చోట ఉన్నది నా పేరు కాదు.

ఆ పుస్తకం పట్టుకుని కోల్‌గ్రోవ్ గదిలోకి వెళ్ళాను.

"సార్, ఇరవై నాలుగులో రెండు వరసలు పోయాయి."

ఆయన నోట్లో శాండ్‌విచ్ అలాగే ఉండిపోయింది. పుస్తకం లాక్కుని చదివాడు. "ఓరి దేవుడా! నువ్వు పట్టావా?"

"నాకు ఆ తీర్పు నోటికొచ్చు సార్. చూడగానే తెలిసిపోయింది."

"ఇది చదివిందెవరు?"

ఎవరు చదివారో ఆయనకి తెలుసు. మా ప్రెస్సులో చదివేది ఒక్కరే. అయినా అడిగాడు. నేను చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

"సంతకం ఉంది కదా సార్."

వర్నెల్‌ని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పేజీ చూసింది. ప్రూఫు కాగితం తెప్పించుకుని చూసింది. అందులోనూ రెండు వరసలు లేవు. వకీలు ప్రతిలో ఉన్నాయి. ఆమె పైకి చదివింది, ఎదురుగా ఉన్న కాగితంలో అవి లేవు, ఎదురుగా ఉన్నవాడు ఊ అన్నాడు. ఇందులో తెలియకపోడానికి ఏమీ లేదు. ఆమె నా వంక ఒకసారి చూసింది. కోపం కాదది. దారి తప్పిన మాట ఎక్కడుందా అని పేజీలో వెతికే చూపు.

"చదివింది నేనే. సంతకం నాదే" అంది.

"వర్నెల్, ఇది ఎలా..."

"ముందు పని చూడండి. మాటలు తరవాత."

నిజానికి ఆ మధ్యాహ్నం ప్రెస్సుని నడిపింది ఆమే. అట్టలు చింపి, ఆ పేజీలున్న మడతని మళ్ళీ అచ్చువేసి, మళ్ళీ కుట్టి, నలభై పుస్తకాలూ నాలుగున్నరకి బయటికి పంపింది. ఒక్కో పుస్తకంలో ఇరవై నాలుగో పేజీ తెరిచి, వేలు పెట్టి, నలభై సార్లు చదివింది. తనే చదివి తనే ఊ అనుకుంది.

పుస్తకాలు కోర్టుకి చేరాక స్ట్రౌడ్ ఫోను చేసింది. కోల్‌గ్రోవ్ స్పీకరు మీద పెట్టాడు. గదిలో నేనూ ఆయనే ఉన్నాం.

"ఎవరు పట్టారు దాన్ని?"

"డెజ్ టాలీ. మా దగ్గర మూడేళ్ళుగా ఉన్నాడు. ఆ తీర్పు నోటికొచ్చట కుర్రాడికి."

"నోటికొచ్చా? మా ఆఫీసులో ఒక్కరికి రాదు." ఆమె ఆశ్చర్యపోయినట్టుంది. "ఆ అబ్బాయి లేకపోతే నా పని అయిపోయేది. కుర్చీ అతనికిద్దాం. వర్నెల్‌కి నేను చెప్తాను, తను ఏమీ అనుకోదు."

మూడేళ్ళలో మొదటిసారి ఒక వకీలు నా గురించి అడిగింది. ఫోను పెట్టేసిన చప్పుడు కూడా ఆ రోజు బాగుంది.

వర్నెల్ నిజంగానే ఏమీ అనలేదు. మర్నాడు ఇంకో పుస్తకం. ఎదురెదురుగా కూర్చున్నాం. ఒకటే తేడా. ప్రతి వాక్యానికీ నేను "ఊ" అనగానే, అదే సమమైన గొంతుతో "చూశావా?" అనేది. "చూశాను" అంటే తరవాతి వాక్యం. వెటకారం లేదు. ఎనభై పేజీల పుస్తకం. ఊ. చూశావా? చూశాను. ఊ. చూశావా? చూశాను. రెండో రోజుకి ఉండబట్టలేక అడిగేశాను.

"ఎన్నిసార్లు అడుగుతారు మిస్ వర్నెల్?"

"ఎన్ని వాక్యాలుంటే అన్నిసార్లు."

ఆమె భర్త ఆల్టన్ సిటీ బస్సు నడిపి రిటైరయిన మనిషి. పొద్దున్నే ఆమెని కారులో దింపి, గేటు దగ్గర నాతో రెండు జోకులు వేసి వెళ్ళడం అలవాటు. గురువారం జోకులు వెయ్యలేదు. కారు అద్దం దించి నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఒరే డెజ్, మీ ప్రెస్సులో ఏమైనా అయిందా?"

"ఏం?"

"ఈస్టరుకి కుట్టించుకున్న నీలం సూటు తీసి ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించింది. కోర్టుకి అని వీధి వీధంతా చెప్పింది. మొన్న చూస్తే మళ్ళీ బీరువాలో పెట్టేసింది. అడిగితే మోకాళ్ళు నొప్పి అంటోంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పి ముప్పై ఏళ్ళనుంచీ ఉందిరా. ఎవడో ఏదో అని ఉంటాడు. ఎవడో చెప్పు, నేను చూసుకుంటాను."

ఆల్టన్ చేతులు ఇప్పటికీ స్టీరింగంత లావుంటాయి. నాకు తెలీదని చెప్పి లోపలికి వచ్చేశాను.

కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదన్నమాట. నేను ఆ పొద్దంతా దాని గురించే ఆలోచించాను. ఆమె నన్ను కోల్‌గ్రోవ్ ముందు నిలదీసి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఏడ్చి ఉన్నా సరిపోయేది. అబద్ధం ఆడి ఉంటే పండగే. ఏదీ చెయ్యలేదు. కుర్చీ నా దగ్గరుంది, పేరు నా దగ్గరుంది, అయినా ఆ టేబులు దగ్గర పెద్ద మనిషి ఆమే. ఆ మౌనం కూడా ఆమెదే కావడం నేను ఓర్వలేకపోయాను. దయ కలిగి చెప్పాననీ, మనస్సాక్షి పొడిచిందనీ ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆమె దగ్గర ఉన్నదేదో కొంచెమైనా తగ్గించాలని చెప్పాను.

శుక్రవారం పొద్దున్న కోల్‌గ్రోవ్ గదికి వెళ్ళాను. వర్నెల్ అక్కడే ఉంది, ఏదో సంతకం కోసం.

"సార్, ఆ ఇరవై నాలుగో పేజీ... మిస్ వర్నెల్ సరిగ్గానే చదివింది. నేను కాగితం చూడలేదు. కిటికీ చూస్తున్నాను. చూశావా అని అడిగింది కూడా. చూశానని అబద్ధం చెప్పాను."

కోల్‌గ్రోవ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మరి వారం రోజులుగా నోట్లో ఏం పెట్టుకున్నావు?"

నేను చూస్తున్నది ఆయన్ని కాదు. వర్నెల్ మొహం. అక్కడ ఊరట కనపడుతుందనుకున్నాను. కన్నీళ్ళు అనుకున్నాను. ఆమెకి పట్టరాని కోపం వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె గొంతు పెరగడం విన్నది నేనే మొదటివాణ్ణట, తరవాత చెప్పారు.

"నిన్నెవరు చెప్పమన్నార్రా?"

"మీ తప్పు కాదు కదా మిస్ వర్నెల్..."

"ఎందుకు కాదు? నీ ఊ ముందొచ్చింది. నా చెవికి తెలిసింది. తెలిశాక నేను లేచి వచ్చి నీ కాగితం నేను చూసుకోవాలి. చూడలేదు. ఎందుకు చూడలేదో తెలుసా? నా బుర్ర ఆ నీలం సూటు మీదుంది. ఆ సూటుకి కింద అంచు విప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మా నాన్నే ఉంటే కర్ర విరిగేలా కొట్టేవాడు. ఆ తప్పు నాది. కుర్చీ లాక్కున్నావు, ఊరుకున్నాను. తప్పుని కూడా లాక్కుంటే ఊరుకోను."

ఆమె గదిలోంచి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం మెల్లగానే వేసింది.

కోల్‌గ్రోవ్ ఫోను దగ్గరికి లాక్కున్నాడు. తరవాత స్ట్రౌడ్‌కి ఫోను చేశాడు. ఈసారి స్పీకరు మీద పెట్టలేదు. నన్ను బయటికి పొమ్మన్నాడు. సోమవారం నుంచి నన్ను కింద బైండింగు గదిలో వేశారు. కుర్చీ మళ్ళీ వర్నెల్‌ది అయింది. ఆమె రెండుసార్లు వద్దందట. "నీ కోసం కాదు, నా కోసం రా. నీ మొహం కనపడితే నాకు ధైర్యం" అని స్ట్రౌడ్ అందట. ఇవన్నీ నాకు మెట్ల మీద దిగివచ్చిన కబుర్లు.

విచారణ రోజు మా ప్రెస్సులో పని జరగలేదు. ఆ కోర్టు లోపలికి కెమెరా రానివ్వదు, మాట మాత్రం బయటికి వినపడనిస్తుంది. కోల్‌గ్రోవ్ బైండింగు గదిలోకి స్పీకరు తెచ్చి పెట్టాడు. అందరూ కాగితం కట్టల మీద కూర్చున్నారు. ప్రభుత్వ వకీలు ముందు మాట్లాడాడు. ఒకే మనిషికి దేశం ఓటు వేసింది, ఆ మనిషి మాట ఒక జిల్లా జడ్జి కాదనడమేమిటి అన్నాడు. బాగానే మాట్లాడాడు. తరవాత స్ట్రౌడ్. ఆమె మొదట కొంచెం తడబడి తరవాత పుంజుకుంది. అప్పుడు న్యాయమూర్తుల్లో ఒకాయన అడిగాడు. గొంతు నెమ్మదిగా ఉంది.

"ఈ కోర్టు మీ కక్షిదారుని మళ్ళీ కూర్చోబెట్టమంటుంది. అధ్యక్షుడు కూర్చోబెట్టడు. అప్పుడు ఈ కోర్టు ఏం చెయ్యాలంటారు?"

స్పీకరులోంచి చప్పుడు లేదు. గోడ గడియారంలో ఏడు సెకన్లు లెక్కపెట్టాను. ఎవరో దగ్గిన చప్పుడు. ఏదో కాగితం చప్పుడు. తరవాత స్ట్రౌడ్ గొంతు: "కోర్టు తాను చెప్పవలసింది చెప్పాలి, న్యాయమూర్తి గారూ. ఆ తరవాతిది అధ్యక్షుడు చెయ్యవలసిన పని."

ఆ జవాబు సరిపోయిందో లేదో నాకు తెలియదు. నాకు ఆ ఏడు సెకన్లే కావాలి. ఆ ఏడు సెకన్లలో ఆ హాల్లో ఏమయిందో, ఎవరు ఎవరి వంక చూశారో, స్ట్రౌడ్ మొహం ఎలా మారిందో. దేశం మొత్తానికి వినపడింది ఉత్త నిశ్శబ్దం. చూసినవాళ్ళు కొద్దిమంది. వాళ్ళలో ఒకరు మా వర్నెల్ గాస్కిన్స్.

ఒంటిగంట దాటాక వచ్చింది. నీలం సూటు, చర్చికి పెట్టుకునే టోపీ చేతిలో. అందరూ చుట్టూ మూగారు. ఎవరో చిలగడదుంపతో చేసిన తీపి రొట్టె తెచ్చారు. ఆల్టన్ కూడా వెనకాలే వచ్చి, "మా ఆవిడ సుప్రీం కోర్టు జడ్జీల కంటే ముందొచ్చి కూర్చుందిరోయ్" అని కేకలేశాడు.

"నోటిలో పిప్పరమెంటు ఉమ్మెయ్యమన్నారు. లోపల ఏమీ నమలకూడదట. ఆ తెరలు చూశావూ, మా చర్చి తెరల కంటే పాతవి. జడ్జీల కుర్చీలు ఊగుతాయే! ఒకాయనైతే మా వీధిలో సాలీ వాళ్ళ వరండాలో తాతలాగా వెనక్కి వాలిపోయాడు" అని ఆమె చెప్తోంటే అందరూ నవ్వుతున్నారు. నేను కటింగు మిషను దగ్గర నిలబడి, ఎప్పుడో సరిచేసిన కాగితం అంచులనే మళ్ళీ సరిచేస్తున్నాను. నన్ను పిలవలేదు. పిలిస్తే వెళ్ళకూడదనుకున్నాను.

మూడింటికి జనం పల్చబడ్డారు. ఆమె బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పి పాదాలు నొక్కుకుంటోంది. నేను వెళ్ళకూడదనే అనుకున్నాను. కాళ్ళు వెళ్ళాయి.

"మిస్ వర్నెల్. ఆ ఏడు సెకన్లు..."

ఆమె తలెత్తకుండానే, "ఏ ఏడు సెకన్లు?" అంది.

"అధ్యక్షుడు వినకపోతే ఏం చెయ్యాలని ఆయన అడిగాక. ఎవరూ మాట్లాడలేదు. ఏం జరిగింది అక్కడ?"

పాదం నొక్కడం ఆపింది. నా మొహం చూసింది. అడగడానికి నాకెంత కష్టమయిందో ఆమెకి తెలిసిందనుకుంటాను. పక్కనున్న కాగితం కట్ట జరిపింది. నేను కూర్చున్నాను.

"స్ట్రౌడమ్మ నోరు తెరిచి మూసింది. మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి మానేసింది. పక్కనున్న ఆ కమిషన్ ఆవిడ ఒళ్ళో చేతులు ఇలా పట్టుకుంది, గట్టిగా. అడిగినాయన మన పుస్తకం తీశాడు. ఎర్రది. కొన్ని పేజీలు తిప్పి, ఒక చోట ఆగి, అక్కడే చూస్తూ ఉన్నాడు, స్ట్రౌడమ్మ జవాబు చెప్పేదాకా."

నేను ఆమె వైపు తిరిగాను. "ఏ పేజీ?"

"నేను కూర్చున్న చోటికి కనపడలేదు నాయనా."

"మధ్యలోనా? సగం పైనా, కిందా? ఎడమ పక్కదా, కుడి పక్కదా?"

"కనపడలేదంటున్నాను కదా."

ఆమె మళ్ళీ పాదం నొక్కుకోడం మొదలుపెట్టింది. తీర్పు ఇంకా రాలేదు, జూన్‌లో వస్తుందంటున్నారు. ఏది వచ్చినా దానికి మళ్ళీ రెండు పక్షాలవాళ్ళూ పుస్తకాలు వేయిస్తారు. నేను ఇప్పటికీ కిందే ఉన్నాను. పైన ఊ కొట్టడానికి ఒక కొత్త పిల్ల వచ్చింది. మెట్ల దగ్గర నిలబడితే వర్నెల్ గొంతు సమంగా వినపడుతుంది, దాని వెనక ఆ పిల్ల ఊ, సరిగ్గా సమయానికి. అప్పుడప్పుడు నాకు అనిపిస్తుంది, ఆమెకి ఆ పేజీ కనపడే ఉంటుంది, నాకు చెప్పడం ఇష్టం లేక దాచింది అని. ఇంకొకప్పుడు, నిజంగానే కనపడలేదేమో అనిపిస్తుంది. అప్పుడే ఎక్కువ బాధ. ఆ కుర్చీలో నేనుంటే ముందుకి వంగేవాణ్ణి. కాపలావాళ్ళు భుజం పట్టి లాగినా సరే, చూసేవాణ్ణి.